సారా కాసిన చేతి పేరు



అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రంలో లించ్‌బర్గ్ అని ఓ చిన్న ఊరుంది. నాష్‌విల్ నుంచి కారులో గంటన్నర దారి. ఊరి నడిబొడ్డున ఎర్ర ఇటుకల కోర్టు భవనం, దాని చుట్టూ వరసగా కొట్లు, వెనక వాగు, వాగు అవతల గుట్టలు. ఊరంటే అంతే. నల్ల లేబులు సీసాల్లో ప్రపంచమంతటా అమ్ముడయ్యే జాక్ డేనియల్స్ విస్కీ మాత్రం ఈ ఒక్క ఊళ్లోనే తయారవుతుంది. ఆ బట్టీ చూడటానికి ఏటా లక్షకు పైగా జనం వస్తారు.

వచ్చినవాళ్లను మొదట ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఈ ఊరున్న మూర్ కౌంటీ మద్యనిషేధపు కౌంటీ. టెన్నెస్సీలో ఏ కౌంటీ అయినా జనం ఓటేసి ఒప్పుకుంటేనే మద్యం అమ్మకాలు నడుస్తాయి. మూర్ కౌంటీ అలా ఒప్పుకోలేదు. దాంతో ఇక్కడ లక్షల గ్యాలన్లు కాచడానికి అనుమతి ఉంది గానీ, ఊళ్లో మద్యం దుకాణం తెరవడానికి లేదు. ఒకప్పుడు బట్టీ అంతా చూపించి చివర్లో నిమ్మరసం ఇచ్చి పంపేవారట. తర్వాత చట్టం సడలించారు. ఇప్పుడు బట్టీ ఆవరణలోనే రుచి చూపిస్తారు, జ్ఞాపకంగా దాచుకునే సీసాలంటూ కొన్ని అమ్ముతారు.

మనకు ఈ నిషేధాల చరిత్ర కొత్తదేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన దగ్గర్నుంచి, 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టేదాకా, ఆ తర్వాత 1997లో దాన్ని సడలించేదాకా అన్నీ చూసినవాళ్లం. మద్యం ఎన్ని ఇళ్లను కూల్చిందో రేడియో ముందు కూర్చున్న మీకు నేను చెప్పక్కర్లేదు. నేను ఇవాళ మాట్లాడేది తాగుడు గురించి కాదు, ఒక పనితనం గురించి, ఆ పనితనం ఎవరిదో చెప్పకుండా గడిచిపోయిన నూట యాభై ఏళ్ల గురించి.

మా అమ్మాయి కుటుంబం నాష్‌విల్‌లో ఉంటుంది. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. "మావయ్యగారూ, మీరు చూడాల్సిన ప్రయోగశాల ఒకటుంది" అని అల్లుడు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. బట్టీ చూసేందుకు రెండు రకాల టికెట్లున్నాయి. ఊరికే చూసి వచ్చేది ఒకటి, చివర్లో రుచి చూపించేది ఒకటి. రెండోదానికి 21 ఏళ్లు నిండి ఉండాలి. తల నెరిసినా సరే, గుర్తింపు కార్డు అడుగుతారు, అందుకని పాస్‌పోర్టు దగ్గరుంచుకోవాలి. బండి నడపాల్సింది తనే కనక అల్లుడు గ్లాసుల జోలికి రానని ముందే చెప్పేశాడు.

మొదట ఒక గుహ దగ్గరికి తీసుకెళ్లారు. సున్నపురాయి గుట్ట కింద నోరు తెరుచుకున్న గుహ, అందులోంచి సన్నగా పారే ఊట. ఎండాకాలమైనా చలికాలమైనా ఆ నీరు సుమారు 13 డిగ్రీల దగ్గరే ఉంటుంది. సున్నపురాయి పొరల్లోంచి దిగి రావడంతో ఇనుము ఉండదు. ఇనుమున్న నీళ్లతో కాస్తే విస్కీ నల్లబడుతుంది, రుచి చెడుతుంది. జాక్ డేనియల్ అనే ఐదడుగుల రెండంగుళాల మనిషి ఈ స్థలం కొన్నది ఈ ఊట కోసమే. గుహ ముందు ఆయన విగ్రహం పెట్టారు. లేబులు మీద 1866 అని ఉంటుంది. ఆయన జీవితచరిత్ర రాసినవారిలో ఒకరు పాత దస్తావేజులు తిరగేసి, కంపెనీ రిజిస్టరైంది 1875లో అని తేల్చారు. జాక్ పుట్టిన సంవత్సరం మీద కూడా ఏకాభిప్రాయం లేదు.

పిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. నూటికి 80 పాళ్లు మొక్కజొన్న, 12 పాళ్లు మొలకెత్తించిన బార్లీ, 8 పాళ్లు రై గింజలు. పొడిచేసి వేడినీళ్లలో ఉడికిస్తారు. మొలకెత్తిన బార్లీలో పుట్టిన ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాలు చేస్తుంది. పాలకు తోడు వేసినట్టు, కిందటి విడత కాచగా మిగిలిన పులుపును కొంత తీసి కొత్త విడతలో కలుపుతారు. దానివల్ల పులుపు సరిపడా ఉండి చెడ్డ సూక్ష్మజీవులు పెరగవు, ప్రతి విడతకూ రుచి ఒకేలా వస్తుంది. ఇలా పులిసిన గంజి ఎత్తైన రాగి స్తంభాల్లోకి వెళ్తుంది. కింద నుంచి ఆవిరి, పై నుంచి గంజి. 78 డిగ్రీలకే మరిగే ఆల్కహాలు ముందు ఆవిరై పైకి లేస్తుంది, చల్లారి నీళ్లలా తెల్లగా కిందికి దిగుతుంది. దాంట్లో నూటికి 70 పాళ్లు ఆల్కహాలే. రాగినే ఎందుకు వాడతారంటే, కుళ్లు వాసనకు కారణమైన గంధక సమ్మేళనాలను అది పట్టేసుకుంటుంది.

ఇంతవరకూ ప్రపంచంలో ఏ బట్టీలోనైనా దాదాపు ఇదే పద్ధతి. ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పపువ్వు పులియబెట్టి కాచేవాళ్లు కూడా పులియబెట్టడం, ఆవిరి పట్టడం, చల్లార్చడం అనే మూడు పనులే చేస్తారు. వాళ్లకు రాగి స్తంభాల్లేవు, కుండలున్నాయి. టెన్నెస్సీ విస్కీకి ఉన్న ప్రత్యేకత ఆ తర్వాతి మెట్టులో ఉంది. నేను ఆగి ఎక్కువసేపు చూసిందీ అక్కడే.

ఆరుబయట, రేకుల చూరు కింద, షుగర్ మేపుల్ చెట్టు చెక్కలను అడ్డం నిలువు పేర్చి మనిషి ఎత్తు దాటిన గూళ్లు కడతారు. ఈ చెట్టు రసంతోనే అక్కడివాళ్లు తీపి పాకం కాచుకుంటారు. ఆ చెక్కలకు నిప్పు పెట్టేటప్పుడు కిరోసిన్ లాంటివి వాడరు, ఆ వాసన బొగ్గుకు పట్టుకుంటుంది. స్తంభంలోంచి దిగిన పచ్చి విస్కీనే చల్లి వెలిగిస్తారు. మంట కిందికి దిగేకొద్దీ గొట్టాలతో నీళ్లు కొడుతూ, చెక్క బూడిద కాకుండా బొగ్గు దగ్గరే ఆపుతారు. ఒక నిమిషం అటూ ఇటూ అయితే చేతికి మిగిలేది బూడిదే. ఆ నిమిషం ఎప్పుడొచ్చిందో మంట రంగు చూసి చెప్పగలిగినవాడే అక్కడ పనిమంతుడు.

ఆ బొగ్గును చిన్న పలుకులుగా దంచి, పదడుగుల లోతున్న తొట్టెల్లో దట్టంగా కూరుతారు. పైనుంచి పచ్చి విస్కీని చుక్క చుక్కగా వదులుతారు. ఆ చుక్క పదడుగులు దిగడానికి రోజులు పడుతుంది. మొక్కజొన్న నూనె జిడ్డు, నాలుక మీద గీరుకునే ఘాటు బొగ్గుకే అంటుకుపోతాయి. మాకు బట్టీ చూపించినాయన ఒక తొట్టె మూత ఎత్తి, మా ముఖాల వైపు విసిరినట్టు ఆడించాడు. ఒక్కసారిగా కళ్లు చెమ్మగిల్లేంత ఆవిరి వచ్చింది. ఘాటు ఉంది, దాని వెనకే మెత్తటి తీపి ఉంది, అడుగున తడిబొగ్గు వాసన ఉంది. ఆ గదిలో ఫోన్లు బయటికి తీయనివ్వరు. గాల్లో అంత ఆల్కహాలు ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. 2013లో రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, ఒక్క పాత బట్టీకి ఇచ్చిన మినహాయింపు తప్ప, మేపుల్ బొగ్గులో వడకట్టనిదాన్ని టెన్నెస్సీ విస్కీ అని పిలవడానికి లేదు.

మూత మళ్లీ వేశాక ఆయన నియరెస్ట్ గ్రీన్ పేరు చెప్పాడు. నేను ఆ ఊరికి వెళ్లడంలో దక్కిన విలువంతా ఆ పేరే.

అసలు పేరు నేథన్ గ్రీన్, అందరూ పిలిచింది నియరెస్ట్ అని. 1820 ప్రాంతంలో మేరీలాండ్‌లో పుట్టినట్టు చెప్తారు. నల్లజాతివాడు, బానిస. బానిసలను కిరాయికి ఇచ్చే వ్యాపారులు ఆయన్ను లించ్‌బర్గ్ దగ్గరి డాన్ కాల్ అనే ఆసామి పొలానికి పంపారు. కాల్ చర్చిలో బోధకుడు, పొలంలో బట్టీ పెట్టుకున్న వ్యాపారి. ఆ బట్టీ దగ్గర సారా కాసింది నియరెస్ట్. తల్లి పోయి, సవతి తల్లితో పొసగక ఇల్లు విడిచిన జాక్ అనే కుర్రాడు ఆ పొలంలో పనికి చేరాడు. వాణ్ణి నియరెస్ట్ దగ్గరికి పంపి, పని నేర్పమని చెప్పింది డాన్ కాల్. గంజి ఎంత పులవాలి, మంట ఎక్కడ తగ్గించాలి, బొగ్గు ఎంత గట్టిగా కూరాలి అన్నది ఆ పిల్లవాడికి నేర్పిన చేయి ఒక బానిసది.

1865లో బానిసత్వం రద్దయింది. జాక్ సొంతంగా బట్టీ పెట్టుకున్నాక నియరెస్ట్‌నే జీతమిచ్చి సారా కాచే ప్రధాన నిపుణుడిగా పెట్టుకున్నాడు. ఆయన కొడుకులూ అక్కడే పనిచేశారు. ఆ కుటుంబంలోని తరాలు ఒకదాని తర్వాత ఒకటి ఆ బట్టీలో పనిచేస్తూ వచ్చాయి. నియరెస్ట్ ఫొటో ఒక్కటీ దొరకలేదు. 1904 ప్రాంతంలో బట్టీ పనివాళ్లతో తీసిన ఫొటో ఒకటి మాత్రం దొరికింది. తెల్ల టోపీ, గుబురు మీసంతో జాక్, చుట్టూ పనివాళ్లు. జాక్ పక్కనే, నడిమధ్యన, ఒక నల్లజాతి మనిషి కూర్చుని ఉంటాడు. అతను నియరెస్ట్ కొడుకు జార్జి గ్రీన్ అని పరిశోధకులు నమ్ముతున్నారు. నల్లవాళ్లకు వేరే తలుపులు, వేరే బోగీలు పెట్టిన కాలపు అమెరికా దక్షిణాది అది. ఆ ఫొటోలో యజమాని పక్కకు జరిగి, నడుమ చోటు పనివాడికి ఇచ్చాడు.

బొగ్గులో వడకట్టే పద్ధతిని 1825లో ఆల్ఫ్రెడ్ ఈటన్ అనే ఆసామి కనిపెట్టాడని పాత పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. పడమటి ఆఫ్రికాలో నీళ్లనూ తిండినీ బొగ్గుతో శుద్ధిచేసే అలవాటు ఉండేదనీ, ఆ తెలివి బానిసలతోపాటు సముద్రం దాటి వచ్చి ఉంటుందనీ ఇప్పటి చరిత్రకారుల్లో కొందరి అభిప్రాయం. దానికి కాగితం మీద రుజువు దొరకడం కష్టం. చదవనివ్వని, రాయనివ్వని మనుషుల దగ్గర కాగితాలు ఎక్కడ ఉంటాయి? పేటెంటు తీసుకునే హక్కు బానిసకు లేదు. కాబట్టి రుజువు లేదన్న మాటను బానిసకు వ్యతిరేకంగా వాడటం న్యాయం కాదని నా అభిప్రాయం.

మరి ఈ కథ ఎవరికీ తెలియదా? ఊళ్లోవాళ్లకు తెలుసు. 1967లో వచ్చిన జాక్ జీవితచరిత్రలో నియరెస్ట్ పేరు చాలాచోట్ల ఉంది. అయినా బట్టీ చూడటానికి వచ్చినవాళ్లకు దశాబ్దాల తరబడి డాన్ కాల్, జాక్‌ల కథే చెప్పారు. 2016లో, లేబులు మీది లెక్క ప్రకారం 150 ఏళ్లు నిండిన సందర్భంగా కంపెనీ నియరెస్ట్ మాట బయటికి చెప్పింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని రాసింది. అది చదివిన ఫాన్ వీవర్ అనే నల్లజాతి రచయిత్రి లించ్‌బర్గ్ వచ్చి, నియరెస్ట్ వంశస్థులను కలిసి, దస్తావేజులు, ఉత్తరాలు, ఫొటోలు పోగుచేశారు. డాన్ కాల్ పొలాన్నే కొన్నారు. 2017లో నియరెస్ట్ పేరుతో ఒక విస్కీ తెచ్చారు, 2019లో దగ్గరి షెల్బీవిల్‌లో బట్టీ తెరిచారు. అక్కడ రుచి కుదిర్చే బాధ్యతను నియరెస్ట్ వంశంలోని విక్టోరియా ఈడీ బట్లర్ అనే ఆవిడ చేపట్టారు. 2017లోనే జాక్ డేనియల్స్ కంపెనీ కూడా తమ బట్టీలో సారా కాచిన మొదటి ప్రధాన నిపుణుడు నియరెస్ట్ గ్రీన్ అని అధికారికంగా ఒప్పుకుంది.

ఆలస్యంగానైనా ఒప్పుకోవడం మంచిదే, అయితే కథంతా చెప్పారని నేను అనను. జాక్ తర్వాత బట్టీ మేనల్లుడు లెమ్ మాట్లో చేతికి వచ్చింది. 1910లో రాష్ట్రంలో తయారీ ఆగిపోతే, దేశవ్యాప్త నిషేధం 1933లో తొలగాక, రాష్ట్ర చట్టసభ సభ్యుడై చట్టం మార్పించి 1938లో బట్టీ మళ్లీ వెలిగించినవాడు ఆయనే. అంతవరకూ మాకు వినిపించారు. ఇదే మాట్లో 1924లో తాగి, రైల్లో ఒక నల్లజాతి పోర్టరుతో గొడవపడి తుపాకీ పేల్చాడు. గుండు తగిలి తెల్లజాతి కండక్టరు చనిపోయాడు. ఆయన వకీళ్లు జూరీ ముందు జాతి ద్వేషాన్నే ఆయుధం చేసుకున్నారు, ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. మేం విన్న కథలో ఈ ముక్క లేదు. ఉండాల్సింది.

బొగ్గు దాటిన విస్కీ ఇంకా నీళ్లలా తెల్లగానే ఉంటుంది. రంగంతా పీపాది. తెల్ల ఓక్ చెక్కలను మేకులు గానీ జిగురు గానీ లేకుండా, ఇనుప పట్టీలతో బిగించి, లోపల మంటపెట్టి కాలుస్తారు. ఒక్కో పీపాలో 200 లీటర్లు పడుతుంది. ఏడంతస్తుల గోదాముల్లో నాలుగేళ్లు, ఆపైన ఉంచుతారు. ఎండలకు విస్కీ చెక్కలోకి ఇంకుతుంది, చలికి బయటికి వస్తుంది. ఆ రాకపోకల్లోనే రంగు, తీపి వస్తాయి. పై అంతస్తుల్లో వేడి ఎక్కువ, అక్కడివి గాఢంగా తయారవుతాయి. ఎన్నేళ్లు ఉంచాలన్న దానికి గడువు లేదు. రుచి చూసేవాళ్లు అయిందంటే అయినట్టు. పీపాను మళ్లీ వాడరు, స్కాట్లండ్ లాంటి చోట్లకు అమ్మేస్తారు.

పీపాల్లోంచి ఏటా కొంత గాల్లో కలిసిపోతుంది. దాన్ని దేవదూతల వాటా అని అక్కడివాళ్లు ముద్దుగా అంటారు. గోదాముల చుట్టూ చెట్లను చూడండి. మొదళ్లు, కొమ్మలు మసి పూసినట్టు నల్లగా ఉంటాయి. ఆ ఆల్కహాలు ఆవిరిని తిని బతికే ఒక బూజు అది. ఇళ్ల గోడలకూ కార్లకూ పడుతుంది. పక్కనున్న లింకన్ కౌంటీలో కొత్తగా కడుతున్న గోదాములపై ఒక స్థానికురాలు కోర్టుకెక్కితే, 2023లో సరైన అనుమతులు వచ్చేదాకా ఒక గోదాం పని ఆపమని తీర్పు వచ్చింది. ఊరికి ఉద్యోగాలిచ్చే బట్టీయే ఊరివాళ్ల గోడలకు మసి పూస్తోంది. కోర్టుకెక్కిన ఆవిడ బాధ నాకు న్యాయంగానే అనిపించింది.

చివరగా రుచి. పొడవాటి బల్ల ముందు కూర్చోబెట్టి, చిన్న గ్లాసుల్లో కొద్ది కొద్దిగా పోసి వరసగా పెట్టారు. గ్లాసులో ముక్కు దూర్చొద్దన్నారు. నోరు కాస్త తెరిచి, గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుని వాసన చూడాలి. అప్పుడు ఆల్కహాలు ఘాటు ముక్కును మొద్దుబార్చదు. మా ఆవిడ మద్యం ముట్టదు. వాసన చూడటానికేం అని గ్లాసు అందుకుంది. "ఏమండీ, ఇది మాగిన అరటిపండు వాసన కదూ" అంది. అక్షరాలా అదే. పులిసేటప్పుడు ఈస్టు తయారుచేసే ఐసోఅమైల్ అసిటేట్, మాగిన అరటిపండులో ఉండేదీ అదే. నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన ఆ ఫార్ములాను ఆవిడ ముక్కుతో చెప్పింది. తర్వాతి గ్లాసులో వెనిలా, కాలిన చక్కెర. చెక్క కాలినప్పుడు దాంట్లోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది. నాలుక మీద తీపి ముందు తెలుస్తుంది, గొంతు దిగాక మిరియపు మంట వస్తుంది, చివర్లో సన్నటి బొగ్గు వగరు మిగులుతుంది. ఒక చుక్క నీళ్లు కలిపితే మంట తగ్గి వాసనలు విచ్చుకుంటాయి. ఒక్కొక్క గుక్కే నోట్లో వేసుకున్నాను, అంతకంటే అవసరం కూడా లేదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు, నాష్‌విల్, హంట్స్‌విల్, అట్లాంటా వైపు స్థిరపడిన మనవాళ్లకు నాదో మనవి. లించ్‌బర్గ్ వెళ్తే బండి నడిపేవారు గ్లాసు ముట్టకండి. తాగే అలవాటు లేనివారు రుచి లేని టికెట్ తీసుకుని హాయిగా వెళ్లండి, చూడాల్సినదంతా చూడొచ్చు. బట్టీ చూపించేవారు బొగ్గు తొట్టె మూత ఎత్తినప్పుడు, ఈ పని జాక్‌కు నేర్పింది ఎవరని గట్టిగా అడగండి. వాళ్లు రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోబోతే, నియరెస్ట్ గ్రీన్ గురించి ఇంకొంచెం చెప్పమని ఆపండి. వీలైతే షెల్బీవిల్ కూడా వెళ్లి రండి. పిల్లలు వెంట ఉంటే ఆ కథ వాళ్ల భాషలో వాళ్లకు చెప్పండి.